ఆకాశానికి జ్వరం, ఆ తర్వాత పట్టే చెమట

2024 మే 10, శుక్రవారం. అక్షయ తృతీయ కావడంతో హైదరాబాద్‌లో బంగారం షాపులు కిటకిటలాడాయి. మూడు రోజుల్లో లోక్‌సభ పోలింగ్ ఉండటంతో వీధుల్లో ప్రచారం హోరెత్తుతోంది. ఆ రాత్రి 10.35 గంటల ప్రాంతంలో, సూర్యుడి నుంచి ఎగసివచ్చిన ఒక ఉప్పెన భూమి అయస్కాంత కవచాన్ని గుద్దింది. విద్యుదావేశం ఉన్న కణాలు, వాటితో పాటు మోసుకొచ్చిన అయస్కాంత క్షేత్రం, రెండూ కలిసిన ఉప్పెన అది. తెల్లారి ఎనిమిది గంటలకల్లా భూ అయస్కాంత తుఫాను తీవ్రతను కొలిచే సూచీ మైనస్ 400 నానోటెస్లాలను (అయస్కాంత క్షేత్ర బలాన్ని కొలిచే ప్రమాణం) దాటి కిందికి పడింది. 2003 తర్వాత అంత పెద్ద తుఫాను రావడం అదే మొదటిసారి.

ఇలాంటి కదలికలను నమోదు చేసే కేంద్రాలు మనకు దగ్గర్లోనే ఉన్నాయి. ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) ఆవరణలో ఒకటి, విజయవాడ హైవే మీద చౌటుప్పల్‌లో మరొకటి. హైదరాబాద్ దగ్గర భూమి అయస్కాంత క్షేత్రానికి నేలకు సమాంతరంగా ఉండే బలం దాదాపు 40 వేల నానోటెస్లాలు. అందులో 400 తగ్గిందంటే ఒక శాతం మార్పు. చేతిలో దిక్సూచి పట్టుకుని నిలబడినవాళ్లకు తేడా తెలియదు. అదే సమయంలో, నెత్తి మీద 400 కిలోమీటర్ల ఎత్తులో గాలి సాంద్రత రెట్లలో పెరిగిపోతోంది. ఉపగ్రహాలకు కష్టం అక్కడ మొదలవుతుంది.

ఆ ఎత్తు ఎంతో ఊహకు అందాలంటే మనకు తెలిసిన వాటితోనే కొలుచుకోవాలి. శంషాబాద్ నుంచి లేచే విమానాలు పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతాయి. టాటా పరిశోధన సంస్థ (టీఐఎఫ్‌ఆర్) శాస్త్రవేత్తలు హైదరాబాద్ నుంచి దశాబ్దాలుగా వదులుతున్న పరిశోధన బెలూన్లు 40 కిలోమీటర్ల దాకా వెళ్లగలవు. ఈ నగరానికే చెందిన స్కైరూట్ సంస్థ 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి ప్రయోగించిన విక్రమ్-ఎస్ రాకెట్ 89.5 కిలోమీటర్లు ఎక్కింది. ఇంచుమించు అక్కడే థర్మోస్ఫియర్ గడప. అక్కడి నుంచి ఐదారు వందల కిలోమీటర్లు, ఒక్కోసారి ఇంకా పైదాకా ఉండే పలచటి గాలి పొర అది.

గడప దగ్గర చలి భయంకరంగా ఉంటుంది, సున్నాకు 90 డిగ్రీలు దిగువన. పైకి వెళ్లేకొద్దీ ఉష్ణోగ్రత ఎగబాకుతుంది. సూర్యుడు నెమ్మదిగా ఉన్న రోజుల్లో ఐదు వందల సెల్సియస్, సూర్యుడు చురుగ్గా ఉన్న ఏళ్లలో వెయ్యి దాటుతుంది. వినగానే గుండె గుభేలుమంటుంది గానీ, అక్కడ చెయ్యి బయట పెడితే కాలదు. 400 కిలోమీటర్ల ఎత్తులో గాలి, నేల మీద గాలితో పోలిస్తే లక్ష కోట్ల వంతులో ఒకటి, రెండు వంతులే. ఒక్కో అణువు విపరీతమైన వేగంతో తిరుగుతుంది, కానీ తగలడానికి అణువులే ఉండవు. ఏటా మే నెలలో ఎండ 42, 43 డిగ్రీలకు చేరినప్పుడు సౌర తుఫానుల వల్లే ఇంత వేడి అంటూ కనిపించే మాటలకు ఆధారం లేదు. పైన పుట్టిన ఆ వేడి నేల దాకా దిగదు. హైదరాబాద్ ఎండకు, థర్మోస్ఫియర్ జ్వరానికి సంబంధం లేదు.

సంబంధం ఉన్నది ఉపగ్రహాలకు. తెలుగువాళ్లకు ఈ సంగతి 1979లోనే ఎదురైంది, కాకపోతే అప్పట్లో కారణం చాలామందికి తెలియలేదు. స్కైలాబ్ పడిపోతోందని ఊళ్లకు ఊళ్లు వణికిపోయిన సంగతి ఇప్పటికీ పెద్దవాళ్లు చెబుతుంటారు. ఎలాగూ పోతాం కదా అని కోళ్లు, మేకలు కోసుకు తిన్నవాళ్లున్నారు, ఆ రోజుల్లో పుట్టిన పిల్లలకు స్కైలాబ్ అని పేరు పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. 1973 మేలో అమెరికా పంపిన ఆ అంతరిక్ష కేంద్రం దాదాపు 435 కిలోమీటర్ల ఎత్తులో తిరిగేది. 1974 ఫిబ్రవరిలో ఆఖరి బృందం దిగి వచ్చాక, 1980ల దాకా అది పైనే ఉంటుందని, ఆలోగా స్పేస్ షటిల్ వెళ్లి కాస్త పైకి నెడుతుందని నాసా లెక్క వేసుకుంది. ఆ లెక్క తప్పింది. సూర్యుడు ఊహించినదానికంటే చురుగ్గా మారాడు, పైవాతావరణం వేడెక్కి ఉబ్బింది, స్కైలాబ్‌కు తగిలే గాలి పెరిగింది. 1979 జులై 11న హిందూ మహాసముద్రం మీదుగా వచ్చి దాని ముక్కలు పశ్చిమ ఆస్ట్రేలియాలో పడ్డాయి. మన పల్లెల్లో ఆ భయానికి అసలు కారణం థర్మోస్ఫియర్ ఉబ్బడమే.

స్కైలాబ్ కింద పడటంలో పెద్ద వాటా సూర్యుడి అతినీలలోహిత కిరణాలది. మామూలు రోజుల్లో థర్మోస్ఫియర్‌కు అందే వేడిలో మూడొంతుల పైచిలుకు వాటి నుంచే వస్తుంది. అయస్కాంత తుఫాను వచ్చినప్పుడు ఈ వరస తలకిందులవుతుంది. సూర్యుడి నుంచి వచ్చిన అయస్కాంత క్షేత్రం దక్షిణ దిశకు తిరిగి ఉంటే, అది భూమి క్షేత్రంతో కలిసిపోయి తలుపు తెరిచినట్టవుతుంది. అప్పుడు ధ్రువాల దగ్గర, 110 నుంచి 150 కిలోమీటర్ల ఎత్తులో, బలమైన విద్యుత్ క్షేత్రాలు పుడతాయి. విద్యుదావేశం ఉన్న అయాన్లను అవి సెకనుకు కిలోమీటరు వేగంతో లాగుతాయి. ఆవేశం లేని మామూలు గాలి అణువులు దారికి అడ్డం ఉంటాయి. రాపిడి పుడుతుంది. ఇస్త్రీ పెట్టెలో తీగ వేడెక్కినట్టే అక్కడి గాలి వేడెక్కుతుంది. దీన్నే జూల్ హీటింగ్ అంటారు. దీనికి తోడు ధ్రువకాంతులు పుట్టించే ఎలక్ట్రాన్లు కూడా వచ్చి గుద్దుకుంటాయి, కానీ వేడిలో వాటి వాటా తక్కువ. ఈ ఎలక్ట్రాన్లు చేసే అసలు పని వేరే ఉంది, అది తర్వాత.

పెద్ద తుఫాను ఉచ్ఛ స్థితిలో ఇలా పుట్టే వేడి వెయ్యి గిగావాట్ల స్థాయికి చేరుతుంది. 2024 మే 30న ఎండలు మండిపోతున్న వేళ దేశమంతా కలిపి వాడిన కరెంటు 250 గిగావాట్లు, అప్పటికి అదే రికార్డు. దానికి నాలుగింతల శక్తి, పలచటి గాలి మీద, అదీ ధ్రువాల చుట్టూ ఉన్న రెండు వలయాల్లో, గంటల తరబడి పడుతుందన్న మాట.

వేడి పుట్టేది 120 కిలోమీటర్ల దగ్గరైతే ఇబ్బంది 400 కిలోమీటర్ల దగ్గర ఎందుకు? పొయ్యి మీద పాలు పొంగినప్పుడు కొత్తగా ఎవరూ పాలు పోయరు, ఉన్నవే పైకి లేచి గిన్నె అంచు దాకా వస్తాయి. కింద ఉన్న చిక్కటి గాలి వేడెక్కి ఇలాగే పైకి లేస్తుంది. అంచు దగ్గర తిరుగుతున్న ఉపగ్రహానికి నిన్నటిదాకా తగలని గాలి ఇవాళ తగులుతుంది. 2003 అక్టోబరు చివర్లో వచ్చిన తుఫానుల్లో జర్మనీ వాళ్ల చాంప్, అమెరికా-జర్మనీల గ్రేస్ ఉపగ్రహాలు, తమ మీద పడుతున్న గాలి ఒత్తిడిని అతి సున్నితమైన పరికరాలతో కొలిచి, సాంద్రత రెండు, మూడింతలకు పైగా పెరిగినట్టు చూపించాయి.

హైదరాబాద్ ధ్రువాలకు చాలా దూరం. అయినా తప్పించుకోలేదు. వేడెక్కిన చోటి నుంచి గాలి అలలు రెండు ధ్రువాల వైపు నుంచీ భూమధ్యరేఖకు పరుగెత్తుతాయి. వేగం సెకనుకు ఆరేడు వందల మీటర్లు. ధ్రువకాంతుల వలయం నుంచి మన అక్షాంశానికి ఐదు వేల కిలోమీటర్ల పైచిలుకు. లెక్క వేస్తే రెండు గంటలు కాస్త అటూ ఇటుగా మొదటి అల మన నెత్తి మీదికి వచ్చేస్తుంది. వెనకాలే గాలులు వస్తాయి. ఉత్తరం నుంచీ దక్షిణం నుంచీ వచ్చినవి మధ్యలో కలుసుకుని ఒత్తుకుంటే, సైకిల్ పంపులో గాలి వేడెక్కినట్టు ఆ ఒత్తిడికీ కొంత వేడి పుడుతుంది. మూడు, నాలుగు గంటల్లో తుఫాను ప్రపంచవ్యాప్త జ్వరంగా మారుతుంది. లద్దాఖ్‌లోని హాన్లే అబ్జర్వేటరీ కెమెరాలకు 2024 మేలో, మళ్లీ అక్టోబరులో చిక్కిన ఎర్రటి వెలుగు కూడా ఈ పొరదే. 200 కిలోమీటర్లకు పైన ఆక్సిజన్ పరమాణువులు వెలిగితే ఆ రంగు వస్తుంది. అది ఎత్తులో ఉండే వెలుగు కాబట్టే అంత దూరానికి కనిపించింది.

బాలానగర్‌లోని ఇస్రో వాళ్ల జాతీయ దూర సంవేదన కేంద్రానికి (ఎన్‌ఆర్‌ఎస్‌సీ) కావలసిన ఉపగ్రహ చిత్రాలు షాద్‌నగర్ దగ్గరి కేంద్రంలో దిగుతాయి. యాంటెన్నా ఉపగ్రహం వచ్చే వేళకు, వచ్చే దిక్కుకు తిరిగి ఉండాలి. గాలి అడ్డుపడితే ఉపగ్రహం నెమ్మదిస్తుందని, ఆలస్యంగా వస్తుందని అనిపిస్తుంది. జరిగేది తద్విరుద్ధం. గాలి రాపిడి ఉపగ్రహం శక్తిని లాగేస్తే అది కిందికి దిగుతుంది, కింది కక్ష్య చిన్నది, అక్కడ వేగం ఎక్కువ. అందుకే ముందే వచ్చేస్తుంది. 500 కిలోమీటర్ల ఎత్తులో ఉన్న ఉపగ్రహం ఒక్క 100 మీటర్లు దిగిందనుకుందాం. ప్రతి చుట్టులో సెకనులో ఎనిమిదో వంతు ఆదా అవుతుంది. రోజుకు పదిహేను చుట్లు. ఇరవై నాలుగు గంటలు గడిచేసరికి, పాత లెక్క ప్రకారం ఉండాల్సిన చోటుకంటే 14 కిలోమీటర్లు ముందు ఉంటుంది. యాంటెన్నా దాన్ని వెతికి పట్టుకోగలదు. రెండు ఉపగ్రహాలు ఢీకొంటాయా లేదా అని లెక్క కట్టేవాళ్లకు మాత్రం 14 కిలోమీటర్ల తప్పంటే లెక్క మొత్తం మళ్లీ మొదటికి వచ్చినట్టే. 2024 మే తుఫానులో తమ ఉపగ్రహాల కక్ష్యలు మామూలు రోజులకంటే ఎన్నో రెట్లు వేగంగా దిగాయని ఇస్రో ప్రకటించింది. 1989 మార్చి తుఫానులోనైతే, అంతరిక్షంలో వస్తువులను వెంటాడి లెక్క పెట్టే వ్యవస్థకు వెయ్యికి పైగా వస్తువుల జాడ తప్పింది. కెనడాలో క్యుబెక్ రాష్ట్రమంతా చీకటైపోయింది ఆ తుఫానులోనే.

చిన్న తుఫాను కూడా చాలు. 2022 ఫిబ్రవరి 3న స్పేస్‌ఎక్స్ 49 స్టార్‌లింక్ ఉపగ్రహాలను పంపి, ముందుగా 210 కిలోమీటర్ల ఎత్తున వదిలింది. మర్నాడు వచ్చింది ఓ మోస్తరు తుఫానే. అంతకుముందు ప్రయోగాలతో పోలిస్తే గాలి అడ్డు 50 శాతం దాకా పెరిగింది. 38 ఉపగ్రహాలు తిరిగి కిందపడి కాలిపోయాయి.

ఇంతవరకు వేడి కథ. వార్తల్లో వచ్చేదీ ఇదే. నిజానికి రెండో సగం, అంటే ఆ గాలి ఎలా చల్లబడుతుందన్నది, ఎక్కువ ఆసక్తికరమైనది, మన లెక్కలను ఎక్కువగా దెబ్బతీసేదీ అదే.

వేసవి రాత్రి డాబా మీద పడుకున్నవాళ్లకు తెలుసు, పగలంతా కాగిన స్లాబు అర్ధరాత్రి దాకా సెగలు కక్కుతూనే ఉంటుంది. థర్మోస్ఫియర్ కూడా తన వేడిని అలా పరారుణ కిరణాలుగా వదిలించుకోవాలి. చిక్కేమిటంటే, ఆ గాలిలో ఎక్కువగా ఉండే నైట్రోజన్, ఆక్సిజన్‌లకు పరారుణ కాంతిని విడుదల చేసే గుణం దాదాపు లేదు. ఆ పని చేయగలిగేవి రెండు చిల్లర వాయువులు. ఒకటి కార్బన్ డయాక్సైడ్, 15 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యంలో. రెండోది నైట్రిక్ ఆక్సైడ్, 5.3 మైక్రోమీటర్లలో. వేడిగా ఉన్న ఆక్సిజన్ పరమాణువు వచ్చి ఈ అణువును గుద్దుతుంది. దెబ్బకు అణువు లోపల స్ప్రింగులా ఊగుతుంది. ఆ ఊపును కాంతిగా వదిలేసి స్థిమితపడుతుంది. ఆ కాంతి అంతరిక్షంలోకి వెళ్లిపోయిందంటే అంత వేడి తగ్గినట్టే.

కార్బన్ డయాక్సైడ్ పరిమాణం తుఫాను వచ్చిందని పెద్దగా మారదు. నైట్రిక్ ఆక్సైడ్ సంగతి అలా కాదు. ఇందాక వాయిదా వేసిన ఎలక్ట్రాన్ల పని ఇదే. ధ్రువాల దగ్గర దూసుకొచ్చే ఎలక్ట్రాన్లు గట్టి బంధంతో ఉన్న నైట్రోజన్ అణువులను పగలగొడతాయి. ఉద్రేకంతో ఉన్న నైట్రోజన్ పరమాణువు ఆక్సిజన్ అణువును పట్టుకుంటే నైట్రిక్ ఆక్సైడ్ తయారవుతుంది. గాలి బాగా వేడెక్కితే ఈ తయారీ ఇంకా జోరందుకుంటుంది. అంటే వేడిని తెచ్చిన తుఫానే చల్లబరిచే మందునూ వెంట తెస్తుంది. ఒళ్లు కాలుతుంటే చెమట పట్టినట్టు.

అణువుల సంఖ్య పెరగడం ఒక ఎత్తు. ఉష్ణోగ్రత పెరిగితే ఒక్కో అణువు వదిలే కాంతి కూడా పెరుగుతుంది, అదీ మామూలు నిష్పత్తిలో కాదు. 530 డిగ్రీల దగ్గర ఒక నైట్రిక్ ఆక్సైడ్ అణువు చేసే పనితో పోలిస్తే, 1130 డిగ్రీల దగ్గర అదే అణువు నాలుగింతలకు పైగా చేస్తుంది. అణువులు ఇంకో నాలుగింతలైతే మొత్తం పదహారింతలు. అందుకే తుఫాను ఎంత పెద్దదైనా థర్మోస్ఫియర్ ఉష్ణోగ్రత హద్దు లేకుండా పెరిగిపోదు.

ఈ వాయువు ఇంత ముఖ్యమైనదని బెల్జియం శాస్త్రవేత్త గాస్టన్ కోకార్ట్స్ 1980లోనే లెక్కగట్టి చెప్పారు. కళ్లారా చూడటానికి మరో రెండు దశాబ్దాలు పట్టింది. 2001 డిసెంబరులో నాసా పంపిన టైమ్డ్ ఉపగ్రహం మీద సేబర్ అనే పరికరం ఉంది. అది పైకి వెళ్లిన నాలుగు నెలలకే, 2002 ఏప్రిల్‌లో, వరసగా సౌర తుఫానులు వచ్చాయి. 5.3 మైక్రోమీటర్ల వెలుగు అమాంతం పెరగడం సేబర్‌కు కనిపించింది. ఆ పరికరం బృందానికి చెందిన మార్టిన్ మ్లించాక్, ఆయన సహచరులు దీన్ని ప్రకృతి పెట్టుకున్న థర్మోస్టాట్ అన్నారు. పోలిక బాగుంది, కానీ ఒక విషయంలో సరిపోదు. గోడకున్న థర్మోస్టాట్ గది తగినంత చల్లబడగానే ఏసీని ఆపేస్తుంది. నైట్రిక్ ఆక్సైడ్‌కు ఆ తెలివి లేదు.

జ్వరం దిగేటప్పుడు ఏం జరుగుతుందో అందరికీ అనుభవమే. ఒళ్లంతా చెమట పోస్తుంది, బట్టలు తడిసిపోతాయి, కాసేపటికి చేతులు, కాళ్లు చల్లబడి దుప్పటి కావాలనిపిస్తుంది. జ్వరం పోయినా చెమట వెంటనే ఆగలేదు కాబట్టి అలా అవుతుంది. థర్మోస్ఫియర్‌లో అచ్చం అదే తీరు. తుఫాను శాంతించగానే జూల్ హీటింగ్ గంటల్లో పడిపోతుంది. కానీ పుట్టిన నైట్రిక్ ఆక్సైడ్ అంత త్వరగా పోదు. సూర్యకాంతి దాన్ని విడగొట్టడానికి సుమారు ఒక రోజు పడుతుంది, ధ్రువాల దగ్గర చలికాలపు చీకట్లో ఇంకా ఎక్కువ. వేడి ఆగిపోయింది, చల్లబరచడం మాత్రం సాగుతూనే ఉంది. దాంతో గాలి తుఫానుకు ముందున్న స్థితికంటే కూడా చల్లబడి, కుంచించుకుపోతుంది. 2003 అక్టోబరు తుఫానుల తర్వాత చాంప్, గ్రేస్ కొలతల్లో ఇది స్పష్టంగా కనిపించింది. సాంద్రత తుఫానుకు ముందు రోజులకంటే దిగువకు పోయింది.

కక్ష్యలు లెక్కగట్టేవాళ్లకు టెన్షన్ ఇక్కడే. తుఫాను రోజున ఉపగ్రహం అనుకున్నదానికంటే ముందుకు పోతుంది. దానికి తగ్గట్టు లెక్క సరిదిద్దుకుని, గాలి మెల్లగా మామూలు స్థితికి వస్తుందని అనుకుంటే, రెండో రోజుకే గాలి పలచబడి ఉపగ్రహం కొత్త లెక్కకంటే వెనకబడుతుంది. సాంద్రతను అంచనా వేసే చాలా నమూనాలు అయస్కాంత సూచీలను చూసి వేడిని లెక్కిస్తాయి. సూచీ తగ్గితే వేడి తగ్గిందని అవి గ్రహిస్తాయి గానీ, గాలిలో ఎంత చెమట మిగిలి ఉందో వాటికి తెలియదు.

ఇంకో మెలిక కూడా ఉంది. అమెరికాకు చెందిన డెలోర్స్ నిప్ బృందం గమనించినది. సౌర ఉప్పెన ముందు దూసుకొచ్చే బలమైన ఆఘాత తరంగం (షాక్ వేవ్) ముందు నడిచి, తర్వాత తుఫాను ముదిరిన సందర్భాల్లో నైట్రిక్ ఆక్సైడ్ ముందే పోగుపడి ఉంటుంది. అలాంటప్పుడు గాలి లెక్కలు చెప్పినంతగా ఉబ్బదు. వెంటవెంటనే వచ్చే తుఫానుల్లో రెండోదానికి కూడా ఇది వర్తిస్తుంది. ఒకే బలమున్న రెండు తుఫానులు ఉపగ్రహాలకు ఒకే నష్టం చేయవన్న మాట. వాటి ముందు రెండు రోజులు ఎలా గడిచాయో చూడాలి.

రాబోయే తుఫానును ముందే చూడటంలో మనకూ ఇప్పుడొక కన్ను ఉంది. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య-ఎల్1, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, సూర్యుడికీ మనకూ మధ్య ఉన్న చోట తిరుగుతోంది. ఉప్పెన సెకనుకు 700 కిలోమీటర్ల వేగంతో వస్తే, ఆదిత్యను దాటాక భూమిని చేరడానికి 35 నిమిషాలు. వేడి మొదలవబోతోందని చెప్పడానికి ఆ వ్యవధి పనికొస్తుంది. చల్లదనం గురించి చెప్పాలంటే మాత్రం పైనుంచి కిందికి చూస్తూ 5.3 మైక్రోమీటర్ల వెలుగును రోజూ కొలిచే పరికరం కావాలి. ఇరవై ఏళ్లకు పైగా ఆ భారమంతా దాదాపుగా ఒక్క సేబర్ మోసింది. చిన్న ఉపగ్రహాలు, వాటిని తీసుకెళ్లే రాకెట్లు హైదరాబాద్‌లోనే తయారవుతున్న ఈ రోజుల్లో, ఆ కొలత మీద మన దేశం కూడా పెట్టుబడి పెట్టాలి. ఉపగ్రహాలను 500 కిలోమీటర్ల ఎత్తులో నడపాలనుకునే ఏ సంస్థకైనా అది రేపటి అవసరం.

నెమ్మదిగా జరిగే మరో చల్లదనం కూడా ఉంది. కింద మనం వదిలే కార్బన్ డయాక్సైడ్ పైదాకా చేరుతోంది. నేల దగ్గర వేడిని పట్టి ఉంచే ఆ వాయువే పైన వేడిని అంతరిక్షంలోకి వదిలిస్తుంది. ఫలితంగా థర్మోస్ఫియర్ దశాబ్దాలుగా కొద్దికొద్దిగా చల్లబడి కుంచించుకుపోతోంది. గాలి పలచబడితే పనికిరాని ఉపగ్రహాలు, రాకెట్ ముక్కలు కిందపడి కాలిపోవడానికి ఎక్కువ ఏళ్లు పడుతుంది, చెత్త పేరుకుపోతుంది.

సూర్యుడి చురుకుదనం దాదాపు పదకొండేళ్లకోసారి పెరిగి తగ్గుతుంది, దాన్నే సౌరచక్రం అంటారు. ఇప్పటి చక్రం గరిష్ఠ దశకు చేరిందని 2024 అక్టోబరులో ప్రకటించారు. గరిష్ఠం దాటాక ఊపిరి పీల్చుకోవచ్చని అనుకోవడానికి లేదు. 2003 అక్టోబరు తుఫానులు వచ్చింది కూడా అప్పటి గరిష్ఠం దాటాకే. పైగా చక్రం దిగుముఖం పట్టిన ఏళ్లలో, సూర్యుడి బయటి వాతావరణమైన కరోనాలోని రంధ్రాల నుంచి వచ్చే వేగవంతమైన సౌర గాలి, సూర్యుడి భ్రమణంతో పాటు దాదాపు 27 రోజులకోసారి తిరిగి తిరిగి భూమిని తాకుతుంది. ఒక్కో దెబ్బ చిన్నదే, ఒక్కోటి రోజుల తరబడి ఉంటుంది. ఆ రోజుల్లో థర్మోస్ఫియర్ కొద్దిగా ఉబ్బుతుంది, నైట్రిక్ ఆక్సైడ్ పోగవుతుంది, తర్వాత అక్కడి గాలి ముందున్న దానికంటే చల్లబడుతుంది, నెల తిరిగేసరికి మళ్లీ మొదలవుతుంది.